తాబేలుకు నట్టల మందు

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో నట్టల మందుకు కొదవ లేదు. గొర్రెలకూ మేకలకూ తాగించేది ఒకటి, గేదెలకు సూదిగా వేసేది ఒకటి, చెరువులో చేపలకు పేను పడితే మేతలో కలిపి పెట్టేది మరొకటి. సీసాల మీద పేర్లు వేరైనా చాలావాటిలో ఉండే మందు ఒకటే, ఐవర్‌మెక్టిన్. కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, ఎక్కడైనా పశువుల మందుల కొట్టులో అడిగితే దొరుకుతుంది. ఆ సీసా ఉన్న ఇళ్లలోనే కొన్నిటిలో ఓ గాజు తొట్టె, అందులో అరచేతి వెడల్పు కూడా లేని తాబేలు ఉంటాయి. పిల్లలు ముచ్చటపడితే అక్వేరియం కొట్టులో కొన్నది. దాని మలంలో తెల్లటి దారంలాంటిదేదో కదిలిందనో, రెండు రోజులుగా తిండి ముట్టడం లేదనో అనిపించగానే పెద్దవాళ్ల చెయ్యి ఆ సీసా మీదికి పోతుంది. మేకకు పనిచేసిన మందే కదా, ఒక్క చుక్కే కదా అనుకుంటారు.

ఆ ఒక్క చుక్క ఎంతో లెక్క వేద్దాం. తాబేలు పిల్ల బరువు 60 గ్రాములనుకుందాం. పశువులకు వాడే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ సూదిమందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. డ్రాపరు నుంచి రాలే చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే అందులో అర మిల్లీగ్రాము. గేదెకు వేసేది కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 60 గ్రాముల ప్రాణికి వచ్చేది 0.012 మిల్లీగ్రాములు. ఒక్క చుక్క వేస్తే దానికి నలభై రెట్లకు పైగా వేసినట్టు. పోనీ, జాగ్రత్తగా పలచన చేసి గేదె మోతాదే ఇచ్చామనుకున్నా తాబేలుకు అదీ విషమే. 1983లో అమెరికాలో టియర్, బుష్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మందు వేర్వేరు జాతుల తాబేళ్లకు ఎలా పడుతుందో పరీక్షించి ప్రచురించారు. పశువుల మోతాదుకన్నా తక్కువకే కొన్ని జాతుల్లో కాళ్లూ మెడా పట్టు తప్పాయి. ఆనాటి నుంచి సరీసృపాల వైద్యంలో గట్టిగా నిలిచిన నియమాల్లో ఇదొకటి: పాములకూ కొన్ని రకాల బల్లులకూ ఐవర్‌మెక్టిన్ వాడితే వాడవచ్చు గాని, తాబేలు జాతికి వాడకూడదు.

పశువులకు ఇంత మేలు చేసే మందు తాబేలు దగ్గర ఎందుకు ఎదురు తిరిగిందో తెలుసుకోదగిన కథ. జపాన్‌లో సతోషి ఓమురా అనే శాస్త్రవేత్త మట్టి నమూనాల్లోంచి వేరుచేసిన ఒక సూక్ష్మజీవి దీనికి మూలం. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంబెల్ బృందం ఆ సూక్ష్మజీవి తయారుచేసే పదార్థంలో పురుగుల్ని చంపే గుణాన్ని పట్టుకుంది. దాని నుంచి వచ్చిన ఐవర్‌మెక్టిన్ 1980ల మొదట్లో పశువుల మందుగా బజారుకు వచ్చి, తర్వాత ఆఫ్రికాలో లక్షలాది మందిని నదీ అంధత్వం అనే జబ్బు నుంచి కాపాడింది. ఆ ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి దక్కింది. పురుగుల నరాల్లో, కండరాల్లో క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్లే దారులు కొన్ని ఉంటాయి. ఐవర్‌మెక్టిన్ వాటికి అతుక్కుని వాటిని మూసుకోనివ్వదు. పురుగుకు పక్షవాతం వస్తుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో సరిగ్గా అవే దారులు లేవు, కాని మెదడులో వాటిని పోలినవి ఉన్నాయి. రక్తం నుంచి మెదడులోకి మందు చేరకుండా పి-గ్లైకోప్రోటీన్ అనే అణువు కాపలా కాస్తుంది, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. మనిషికీ, గేదెకూ, మేకకూ ఈ మందు క్షేమంగా ఉండడానికి కారణం ఆ కాపలాయే. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ అణువును తయారుచేసే జన్యువులో లోపం ఉంటుంది, అందుకే వాటికీ ఈ మందు ప్రమాదం. తాబేళ్లలోనూ ఆ కాపలా బలహీనమనే అనుకుంటున్నారు.

విషం ఎక్కిన తాబేలు గిలగిల కొట్టుకోదు. కాళ్లు వేలాడేస్తుంది, మెడ లోపలికి లాక్కోలేదు, తర్వాత ఊపిరి మందగిస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. పొరపాటున ఇప్పటికే ఇచ్చి ఉంటే చేయవలసిన మొదటి పని దాన్ని నీళ్లలోంచి తీయడం. మెడ ఎత్తలేని తాబేలు రెండంగుళాల నీటిలోనూ మునిగి చస్తుంది. తడిగుడ్డ మీద, తల కాస్త ఎత్తుగా ఉండేలా, వెచ్చటి చోట పెట్టి వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. ఒంట్లో మందు అరిగేదాకా ఊపిరి నిలబెట్టగలిగితే రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి కదలని తాబేలు కూడా తేరుకోవచ్చు. అలా పడి ఉన్నంత మాత్రాన చచ్చిపోయిందని తొందరపడి పూడ్చిపెట్టకూడదు.

ఇంతకీ మన ఇళ్లలో ఏ తాబేలు ఉంది? ఈ ప్రశ్న తేల్చకుండా వైద్యం గురించి మాట్లాడడం సరికాదు. చెరువు ఎండగట్టినప్పుడో, పొలం దున్నేటప్పుడో బురదలోంచి బయటపడే తాబేలు, వెనక కాళ్ల దగ్గర రెండు తోలు రెప్పలతో డిప్పను మూసుకునేది, మన దేశపు మంచినీటి తాబేలు. దాని శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో అది ఉంది. పెంచుకోవడం, అమ్మడం, చంపడం అన్నీ నేరం. కొల్లేటి ప్రాంతం నుంచి మాంసం కోసం వీటిని బస్తాల్లో కుక్కి ఒడిశా వైపు తరలించడం మనం పత్రికల్లో చదువుతున్నదే. డిప్ప మీద పసుపు నక్షత్రాల గీతలున్న నక్షత్ర తాబేలుకు 2019లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి కట్టుదిట్టమైన రక్షణ దొరికింది, మన చట్టంలోనూ 2022 సవరణతో మొదటి షెడ్యూలుకు ఎక్కింది. ఉడుము కూడా మొదటి షెడ్యూలు ప్రాణే. జబ్బుగా కనబడిన ఇలాంటి ప్రాణిని ఇంటికి తెచ్చి మందు వేయడం దయ అనిపించినా, అది అటవీ శాఖకు అప్పగించవలసిన ప్రాణి. కాబట్టి ఈ అధ్యాయంలో ఇంటి వైద్యం అన్నప్పుడల్లా అక్వేరియం కొట్టులో దొరికే విదేశీ జాతుల గురించే, ముఖ్యంగా కణతల మీద ఎర్రచార ఉండే ఎర్రచెవుల తాబేలు గురించే అనుకోవాలి. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నది లోయ.

దానికి నిజంగా నట్టలు ఉన్నాయా?

అడవిలో, చెరువులో బతికే సరీసృపాల్లో పేగుపురుగులు లేనిది అరుదు. వాటిలో అన్నీ శత్రువులు కావు. ఆకులు తినే మెట్ట తాబేళ్ల పెద్దపేగులో నులిపురుగులు వేల సంఖ్యలో ఉన్నా ప్రాణి చక్కగా తింటూ పెరుగుతూ ఉండడం వైద్యులకు కొత్త కాదు. అవి మేత పులియడానికి సాయం చేస్తాయేమో అన్న అనుమానం కూడా ఉంది. ఆ అనుమానానికి కప్పపిల్లల నుంచి ఒక ఆధారం దొరికింది. ప్రయర్, బ్యోర్న్‌డాల్ అనే శాస్త్రవేత్తలు 2005లో బుల్‌ఫ్రాగ్ తోకకప్పల మీద చేసిన పరిశోధనలో, పేగుల్లో ఒక రకం నులిపురుగులున్నవి అవి లేనివాటికన్నా ముందే కప్పలుగా మారాయి. నాకు ఈ ఫలితం ఎంతో ముఖ్యంగా తోస్తుంది. పురుగు కనబడితే చంపాలి అనే ఆలోచన మనం మేకల దొడ్డి నుంచి తెచ్చుకున్నది. అక్కడ దానికి అర్థం ఉంది, తాబేలు తొట్టెకు దాన్ని యథాతథంగా మోసుకురాకూడదు.

అయితే తొట్టెలో ఒక తేడా ఉంది. చెరువులో తాబేలు ఒకచోట మలం విసర్జించి మరోచోట మేస్తుంది. తొట్టెలో తిండీ మలమూ ఒకే నీళ్లలో. నేరుగా గుడ్డు నుంచి మళ్లీ నోటికి చేరే పురుగులు ఇక్కడ కొన్ని వారాల్లోనే బాగా పెరిగిపోతాయి. దానికి చలి తోడైతే తాబేలు తట్టుకోలేదు. సరీసృపం తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. నీటి వేడే దాని ఒంటి వేడి. ఎర్రచెవుల తాబేలుకు 25 డిగ్రీల చుట్టూ ఉండే నీరు, ఎక్కి ఆరడానికి 30 డిగ్రీలు దాటిన వెచ్చటి గట్టు కావాలి. మన దగ్గర సంక్రాంతి ముందు రాత్రుళ్లు 20 డిగ్రీల కిందికి జారడం మామూలే. నీళ్లు ఆ స్థాయికి చల్లబడితే దాని ఆకలి చస్తుంది, అరుగుదల మందగిస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. డిసెంబరులో తిండి మానేసిన తాబేలుకు నట్టలు పట్టాయనుకునే ముందు తొట్టెలో ఉష్ణమాపకం పెట్టి చూడాలి.

కళ్లు వాచి మూసుకుపోయాయా? ఎండురొయ్యలు మాత్రమే తిని పెరిగిన పిల్లల్లో అది ఎక్కువగా విటమిన్ ఎ లోపం. డిప్ప మెత్తబడిందా? సున్నం చాలలేదు, ఎండ తగల్లేదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ చాలదు. సున్నాన్ని ఒంటికి పట్టించే అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఈ మూడింటినీ నట్టల ఖాతాలో వేసి మందు తాగించడం మన దగ్గర జరిగే పెద్ద తప్పు.

నిజంగా పురుగులు వచ్చే దారి మన దగ్గర ఒకటుంది. అది తిండి. కొల్లేటి ఊళ్లలో తాబేలుకు మేత దొరకడం తేలిక. చెరువు గట్టున పట్టిన పరిగెలు, నత్తలు, చిన్న రొయ్యలు బతికుండగానే తొట్టెలో వేస్తారు. పచ్చటి చెరువు నీళ్లు చెంబుతో ముంచి వెలుతురుకు పట్టి చూస్తే, గెంతుతూ ఈదే చుక్కలు కనబడతాయి. వాటిని కోపిపాడ్లు అంటారు. చేపపిల్లలకు అవే మొదటి ఆహారం. సెర్పినెమా, స్పైరాక్సిస్ అనే తాబేటి పురుగుల పిల్లలు మొదట ఈ చుక్కల్లోనే పెరుగుతాయి. వాటిని మింగిన చేపలో, కప్పలో, నత్తలో కాచుకుని ఉంటాయి. ఆ చేపను తాబేలు తిన్నాక పేగులోనో పొట్ట గోడలోనో పెద్దవై గుడ్లు పెడతాయి. శుభ్రమైన తొట్టెలో, చెరువు మేత ఎన్నడూ తినని తాబేలులో ఈ పురుగులు తమ చక్రం పూర్తి చేసుకోలేవు. కాబట్టి వీటికి అసలు మందు మేత మార్చడమే. చేపను కొన్ని రోజులు గట్టిగా గడ్డకట్టించి పెడితే పురుగు పిల్లలు చాలావరకు చస్తాయి. అలాగని ఎప్పుడూ గడ్డకట్టిన చేపే పెడితే మరో చిక్కు. కొన్ని రకాల చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది, అది ఫ్రీజరులో కూడా పనిచేస్తూనే ఉంటుంది. తయారుచేసిన మంచి గుళికల మేత ప్రధానంగా, ఎదిగిన తాబేలుకు ఆకుకూరలు జోడించి, చేప అప్పుడప్పుడు మాత్రమే పెట్టడం మేలు.

ఇక పరీక్ష. ఇంట్లో చేయగలిగిన వైద్యంలో అన్నిటికన్నా విలువైనది ఇదే అని నా నమ్మకం. తాబేలు తిన్న తర్వాత దాన్ని వేరే టబ్బులో, లోతు తక్కువగా ఉన్న శుభ్రమైన గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే సాధారణంగా అక్కడే విసర్జిస్తుంది. నీళ్లు వడకట్టి మలాన్ని చిన్న సీసాలోకి తీసుకోవాలి. మట్టీ తొట్టె అడుగు చెత్తా కలవకూడదు. మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు చూడటానికి నట్టల్లాగే ఉండి మోసం చేస్తాయి. కదిలే ఏకకణ జీవుల్ని చూడాలంటే మలం తాజాగా, వెచ్చగా ఉండగానే సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. పురుగుల గుడ్లను చూడటానికైతే ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచినా పరవాలేదు, గడ్డకట్టించకూడదు. ప్రయోగశాలలో చిక్కటి ఉప్పునీళ్లలో మలాన్ని కలిపి పెడితే తేలికైన గుడ్లు పైకి తేలతాయి, వాటిని గాజుపలక మీదికి తీసి చూస్తారు. ఇదేమీ ఖరీదైన పరీక్ష కాదు. మేకల మలం చూసే ప్రతి పశువైద్యశాలకూ తెలిసిన పనే. తాబేటి పురుగుల గుడ్లు గుర్తుపట్టడానికి మాత్రం అనుభవం కావాలి. ఏలూరుకు ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరంలో గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. పశువైద్య విద్యలో పరాన్నజీవుల శాస్త్రం ఒక ప్రత్యేక విభాగం, అలాంటి చోట అడగడం మంచిది. ఫలితంలో మోసం మరొకటి కూడా ఉంది. తాబేలు తిన్న చేప కడుపులోని పురుగుల గుడ్లు అరగకుండా తాబేలు మలంలో కనబడతాయి. అవి చేపకు పట్టినవి, తాబేలుకు పట్టినవి కావు. ఏం తిన్నదో వైద్యుడికి చెబితేనే అది తేలుతుంది.

మలం సీసాతో పాటు ఒక బరువుల చీటీ కూడా తీసుకుపోవాలి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద వారానికొకసారి తూచి రాసుకున్న అంకెలు. పురుగులు కొన్ని ఉన్నా బరువు నిలకడగా పెరుగుతుంటే చాలామంది వైద్యులు మందు రాయరు. బరువు తగ్గుతూ, మలం నీళ్లలా పోతూ, గుడ్లు విపరీతంగా కనబడితే రాస్తారు.

గుండ్రటి పురుగులకు సాధారణంగా రాసేది ఫెన్‌బెండజోల్. అది పురుగు కణాల లోపలి సన్నటి గొట్టాలు కట్టుకోకుండా చేస్తుంది, పురుగు ఆహారం తీసుకోలేక మెల్లగా చస్తుంది. ఐవర్‌మెక్టిన్‌తో పోలిస్తే తాబేలుకు ఎంతో నెమ్మదైన మందు. అయినా నిరపాయం కాదు. అదే గొట్టాలు మన కణాల్లోనూ, తాబేలు కణాల్లోనూ ఉంటాయి, ఎముక మజ్జలోనూ పేగు లోపలి పొరలోనూ కణాలు వేగంగా విడిపోతూ ఉంటాయి కాబట్టి ఎక్కువైతే దెబ్బ ముందు అక్కడ తగులుతుంది. కొల్లేటిలో, అక్కడి పక్షుల కేంద్రమైన ఆటపాకలో మనం రోజూ చూసే ఎర్రకాళ్ల కొంగ ఈ విషయంలో శాస్త్రానికి ఒక పాఠం నేర్పింది. అమెరికాలో బంధంలో ఉన్న ఐదు ఎర్రకాళ్ల కొంగలకు ఫెన్‌బెండజోల్ ఇచ్చాక ఎముక మజ్జ ఎండిపోయి, పేగు కణాలు చచ్చిపోయిన వైనాన్ని 2002లో ప్రచురించారు. 2005లో హెర్మన్ తాబేళ్ల మీద జరిగిన అధ్యయనంలో ఈ మందు పదేపదే ఇచ్చినప్పుడు తెల్లరక్తకణాలు తగ్గడం గమనించారు. అందుకే నెలనెలా ముందుజాగ్రత్తగా నట్టల మందు తాగించడం తాబేలు విషయంలో మంచి అలవాటు కాదు.

మోతాదు మళ్లీ లెక్కే. వైద్యుడు కిలోకు 50 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. మన 60 గ్రాముల పిల్లకు అది 3 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే మందైతే 0.03 మిల్లీలీటరు, అంటే చుక్క కన్నా తక్కువ. ఇంత కొంచెం మామూలు సిరంజితో నమ్మకంగా కొలవలేం. వైద్యుడే దాన్ని తగినట్టు పలచన చేసి, ఎన్ని గీతలు ఇవ్వాలో సిరంజి మీద గుర్తు పెట్టి ఇవ్వాలి. అలా అడిగి చేయించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. ఇచ్చే ముందు తాబేలు ఒంట్లో నీరు చాలినంత ఉందా, నీళ్లు వెచ్చగా ఉన్నాయా చూడాలి. చల్లటి నీళ్లలో ఉన్న తాబేలుకు మందు ఇస్తే అది పేగుల్లోనే నిలిచిపోతుంది, రోజుల తరబడి ఒంట్లోంచి పోదు. బద్దెపురుగులకూ, చదునైన పురుగులకూ వాడేది ప్రాజిక్వాంటెల్. అమీబాలకు మెట్రోనిడజోల్. ఏది దేనికన్నది మలపరీక్ష చెప్పాలి, ఊహ కాదు.

పాముల్నీ బల్లుల్నీ పెంచేవారికి ఒక్క మాట. ఎంటమీబా ఇన్వేడెన్స్ అనే అమీబా తాబేలు పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉండగలదు, అదే పాముకు తగిలితే పేగుల్ని కుళ్లబెట్టి చంపుతుంది. తాబేలు తొట్టెలో ముంచిన చెయ్యి, గిన్నె కడగకుండా పాము దగ్గరికి పోకూడదు. పాముల్లో, బల్లుల్లో వచ్చే క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవికి నమ్మదగిన మందే లేదు. కొత్తగా తెచ్చిన ప్రాణిని పాతవాటికి దూరంగా ఉంచి పరీక్ష చేయించడం ఒక్కటే దారి.

మందు ఇస్తున్న రోజుల్లో సగం పని తొట్టెదే. అడుగున గులకరాళ్లు తీసేసి ఖాళీ గాజు తొట్టెలో ఉంచితే మలం ఎప్పటికప్పుడు తీయవచ్చు. పురుగుల గుడ్లకు బ్లీచింగ్ నీళ్లు, ఫినాయిల్ లెక్కలేదు. మరిగే నీళ్లకు మాత్రం లొంగుతాయి. గులకరాళ్లు మరిగించి, మే నెల ఎండలో పరిచి ఆరబెట్టవచ్చు. తొట్టె నీళ్లు వంటింటి తూములో పోయకూడదు. తాబేళ్ల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండడం మామూలు. అమెరికాలో 1975లో నాలుగంగుళాలలోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది ఆ బాక్టీరియా పసిపిల్లలకు సోకుతున్నందుకే. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ తొట్టె ఉండకపోవడమే మేలని నా అభిప్రాయం.

తొట్టె నీళ్లను తమ్మిలేటిలోనో, ఏలూరు కాలువలోనో, ఇంటి పక్క చెరువులోనో కూడా వదలకూడదు. తాబేలునైతే ఎన్నటికీ వదలకూడదు. పళ్లెం అంత పెరిగాక పెంచలేక కొల్లేటిలో వదిలేస్తే పుణ్యమనుకునేవారున్నారు. 2002 నుంచి రామ్సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది, మన దేశీ తాబేళ్ల ఇల్లు. ఐరోపాలో ఎర్రచెవుల తాబేళ్లను ఇలాగే చెరువుల్లో వదిలారు. తర్వాత జన్యు పరీక్షలు చేసి చూస్తే అమెరికా తాబేళ్ల చదునుపురుగులు అక్కడి స్థానిక తాబేళ్లకు అంటుకున్నాయని 2011లో తేలింది. ఐరోపా సమాజం ఆ జాతి దిగుమతిని 1997లోనే ఆపింది, అప్పటికే లక్షలు చేరిపోయాయి. కొల్లేటి దేశీ తాబేలుకు పరిచయం లేని పురుగు మన గాజు తొట్టెలోంచి చేరడానికి ఒక్క తాబేలు చాలు. పెంచలేనప్పుడు అటవీ శాఖనో, జంతువుల్ని చేరదీసే సంస్థనో అడగాలి.

మందు పూర్తయిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ మలం పట్టించి చూడాలి. మందుకు చావక మిగిలినవి మళ్లీ గుడ్లు పెడుతున్నాయేమో అప్పుడు తెలుస్తుంది. సున్నా రావాలని పట్టుబట్టనక్కర్లేదు. గుడ్లు పలచబడి, తక్కెడ మీద అంకె వారంవారం పైకి పోతుంటే, నీళ్లు వెచ్చగా, మేత శుభ్రంగా ఉంటే, మిగిలిన కొద్దిపాటి పురుగులతో తాబేలు తన బతుకు తాను బతుకుతుంది. అంకె తగ్గితే మాత్రం మళ్లీ మందు ఎక్కించకుండా, అసలు రోగం మరెక్కడో ఉందేమో చూడమని వైద్యుణ్ణి అడగాలి.